ఒకే కార్డు, రెండు లాప్‌టాప్‌లు: ఏది కొనాలి?

ప్ర: మా అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి ఏడాది. చదువుతో పాటు ఫోర్జా హొరైజన్ 5 లాంటి రేసింగ్ గేమ్‌లు ఆడుకోవడానికీ లాప్‌టాప్ కావాలంటున్నాడు. రిచీ స్ట్రీట్‌లో రెండు చూశాం. రెండింట్లోనూ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డే (గేమ్ బొమ్మలు గీసేది). ఒకటి పల్చగా, తేలిగ్గా ఉంది. రెండోది రెండున్నర కిలోలు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జ: గేమ్‌ల కోసమైతే బరువైనదేనండి. కానీ ఒకటి చూసుకున్నాకే డబ్బు కట్టండి. లాప్‌టాప్‌లో 4060కి ఎంత పవర్ ఇవ్వాలన్నది తయారుచేసిన కంపెనీ ఇష్టం. 35 వాట్ల నుంచి 115 దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. పల్చటి వాటిలో వేడి బయటికి పోవడం కష్టం కాబట్టి వాట్లు కోసేస్తారు. పెట్టె మీద ఆ అంకె చాలాసార్లు ఉండదు. చార్జర్ పెట్టించి మిషన్ ఆన్ చేయించండి. ఈ కార్డు తయారుచేసే ఎన్‌విడియా వాళ్ళ కంట్రోల్ ప్యానెల్‌లో కింద ఎడమ మూలన ఉన్న ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ నొక్కితే ‘మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్’ అని కనబడుతుంది. 100 దాటితే నిశ్చింతగా కొనండి. 60 లోపుంటే ఆ పేరుకి అంత ధర దండగ.

అక్కడే విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ (ర్యామ్) కూడా చూడండి. ‘స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2’ అని ఉంటే 16 జీబీ అంతా ఒకే స్టిక్‌లో ఉన్నట్టు. దాంతో కార్లు గుంపుగా మలుపు తిరిగేటప్పుడు ఆట కుదుపులిస్తుంది. రెండు 8 జీబీ స్టిక్‌లు వేయించండి. ఫోర్జా ఒక్కటే 110 జీబీ దాకా అడుగుతుంది, కాబట్టి గేమ్‌లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఉండాలి, లేదా రెండోది వేసుకునే ఖాళీ స్లాట్ అయినా ఉండాలి. స్క్రీన్ 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) చాలు. ప్రాసెసర్ పెద్ద నంబరు కోసం పాకులాడకండి.

ప్ర: నా లాప్‌టాప్‌లో గేమ్ పది నిమిషాలు బాగానే ఆడుతుంది, ఆ తర్వాత ఆగి ఆగి నడుస్తోంది. కారణం?
– ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జ: మొదట బాగుండి తర్వాత మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది వేడినే. మే నెలలో గదిలోనే 35 డిగ్రీలుంటే ఫ్యాన్ పీల్చేదీ ఆ గాలినే కదా! ప్రాసెసర్ 95–100 డిగ్రీలకు చేరితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోయి ఇంకా త్వరగా ఆ స్థితికి వస్తుంది. బల్ల మీద పెట్టి, వెనకవైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తండి. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు (సెకనుకు గీసే బొమ్మల సంఖ్య) 60కి కట్టేయండి. నీడలు, రిఫ్లెక్షన్లు, అద్దాల నాణ్యత ఒక్కో మెట్టు దించండి. కారు అద్దంలో కనబడే దృశ్యాన్ని కార్డు విడిగా మళ్ళీ గీయాలి, అది చిన్న పనేం కాదు. అయినా తగ్గకపోతే ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి.

మొదటి నిమిషం నుంచే కుదుపులుంటే మాత్రం కారణం వేరు. కార్డు మెమరీ చాలట్లేదేమో, టెక్స్చర్ల (వస్తువుల మీద కనబడే పైపూత బొమ్మల) నాణ్యత తగ్గించి చూడండి. చార్జర్ తీసేసి ఆడుతున్నా అంతే. బ్యాటరీ మీద కార్డుకు పూర్తి వాట్లు అందవు. చిన్న టైప్-సీ చార్జర్ కూడా చాలదు, లాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద అడాప్టరే పెట్టండి.