సైకాలజీ పీహెచ్‌డీ తర్వాత నేను పట్టిన దారి

పీహెచ్‌డీ చివరికొచ్చింది, క్లినిక్ వైపు వెళ్లను, లెక్చరర్ పోస్టులు పడట్లేదు, ఇంకేం చేయొచ్చు అని అడిగారు. తొమ్మిదేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. పెద్దవయసువాళ్ల జ్ఞాపకశక్తి మీద నా థీసిస్. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా చేయాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, మామూలు పీహెచ్‌డీతో అది రాదు. మా బంధువులకు ఇది తెలీదు. "డాక్టరువయ్యావుగా, బోర్డు ఎప్పుడు పెడతావమ్మా?" అని అడుగుతుంటే ఏడుపొచ్చేది.

ఇప్పుడు హైదరాబాద్‌లో యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) రీసెర్చ్ చేస్తున్నాను. జనం యాప్ వాడుతుంటే పక్కన కూర్చుని, ఎక్కడ ఆగుతున్నారో, ఎందుకు ఆగుతున్నారో కనిపెట్టే పని. ఒకసారి డబ్బు చెల్లించే యాప్ తెలుగులో చేసి కిరాణా కొట్లకు తీసుకెళ్లాం. అన్నీ చక్కగా నొక్కుకుంటూ వచ్చి, చివర "ధ్రువీకరించు" దగ్గర వేలు ఆగిపోయేది. చదవడం రాక కాదు. ఎంత కొట్టామన్నది ముందు స్క్రీన్‌లోనే ఉండిపోయింది, ఇక్కడ కనబడదు. "ఎంత కొట్టానో ఏమో, నొక్కితే మళ్లీ వెనక్కి రాదుగా" అన్నారొక పెద్దాయన. బటన్ మీదే "రూ. 450 పంపు" అని వచ్చేలా మార్పించాం. ఈసారి ఆయన ఆగలేదు. గుర్తు తెచ్చుకోవడం కష్టం, కళ్లముందు చూసి గుర్తుపట్టడం తేలిక అని నేను థీసిస్ నిండా రాసిందే, ఆ కొట్లో కళ్లారా చూశాను. ఆ రోజు నుంచి ఈ పనంటే నాకు ప్రాణం.

మొదటి ఇంటర్వ్యూ మాత్రం పోయింది. ఇరవై నిమిషాలు థీసిస్ వివరించాను. "అయితే మా యాప్‌లో ఏం మార్చమంటారు?" అన్నారు. జవాబు లేదు నా దగ్గర. ఇంటికొచ్చి అమ్మతో, ఇరుగుపొరుగుతో, మొత్తం ఆరుగురితో బస్సు టికెట్లు బుక్ చేయించాను. ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఏం మారిస్తే సరిపోతుందో నాలుగు పేజీల్లో రాశాను. తర్వాతి ఇంటర్వ్యూలో వాళ్లు థీసిస్ తెరవనేలేదు, ఆ నాలుగు పేజీల మీదే మాట్లాడారు. మీరూ వైవా లోపే ఇలాంటిది ఒకటి చేసి పెట్టుకోండి.

ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వాళ్ల డీఐపీఆర్ అనే సైకాలజీ పరిశోధన కేంద్రం ఉంది. సైన్యంలో అధికారుల ఎంపికకు పెట్టే మానసిక పరీక్షల మీద అక్కడ పరిశోధన జరుగుతుంది. నోటిఫికేషన్‌లో వయోపరిమితి ముందే చూసుకోండి. స్టాటిస్టిక్స్ గట్టిగా వస్తే, ఉద్యోగాలకు పెట్టే పరీక్షలు తయారుచేసే కంపెనీల్లోనూ ప్రయత్నించొచ్చు.

మీ థీసిస్ దేని మీదో, స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లలో ఎస్‌పీఎస్‌ఎస్ ఒక్కటే వచ్చా, ఆర్ (R) కూడా వచ్చా అన్నది రాయలేదు. అది చెబితే మీకు ఏది దగ్గరో ఇంకాస్త సూటిగా చెప్పగలను.