బొగ్గు పొడి బిళ్లల్లో నీరు ఎక్కువైతే పెద్ద జాకీ పనిచేస్తుందా?

ప్రశ్న: పత్తి కట్టెను డ్రమ్ములో కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, ఆ బొగ్గును పొడి చేసి గంజితో బిళ్లలు కొడుతున్నాం. 10 కిలోల పొడికి 10 లీటర్ల గంజి పోస్తున్నాం. 4 అంగుళాల పీవీసీ పైపుకు రంధ్రాలు వేసి అచ్చుగా పెట్టాం. జాకీతో నొక్కుతుంటే నల్లటి నీళ్లతోపాటు పొడి కూడా బయటికి చిమ్ముతోంది. బిళ్ల బయటికి తీయగానే ఉబ్బి, అడ్డంగా పొరలు విడుస్తోంది. ఎండాక వేలితో నలిపితే రాలిపోతోంది. ఇంకా పెద్ద జాకీ కొనమంటారా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: పెద్ద జాకీ కొనకండి. ఇక్కడ బలం చాలకపోవడం లేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. 10 కిలోలకు 10 లీటర్లంటే ముద్దలో దాదాపు సగం నీరే. సందులన్నీ నీటితో నిండి ఉన్నప్పుడు మీరు వేసే ఒత్తిడి రేణువుల మీద పడదు, నీటి మీద పడుతుంది. నీరు నొక్కితే కుంచించుకుపోదు, దారి దొరికిన వైపు దూసుకుపోతుంది. పొడి ఎంత మెత్తనైతే ఆ దారులు అంత ఇరుకు. రేణువు సైజు సగానికి తగ్గితే నీరు పారే వేగం సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే అంచున ఉన్న నీరు పొడిని లాక్కుని చిమ్ముతుంది, నడుమ ఉన్నది అక్కడే చిక్కుకుపోతుంది. జాకీ వదిలారంటే లోపల ఇరుక్కున్న గాలి, నీరు పొరలను పైకి నెడతాయి.

దానికన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆ నల్లటి నీళ్లలో పోతున్నది మీ గంజి. కాల్చని కట్టె పొట్టులో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడి తానే జిగురవుతుంది. బొగ్గులో ఆ గుణం మిగలదు, బయటి నుంచి జిగురు ఇవ్వాల్సిందే. ఇచ్చిన జిగురును మీరే పిండి పారబోస్తున్నారు. గంజి కలిపిన బొగ్గు ముద్ద నుంచి నీరు పిండకూడదు. కలిపేటప్పుడే తగ్గించాలి.

బాగా ఎండిన పొడి 10 కిలోలు తీసుకోండి. 3 మిల్లీమీటర్ల జల్లెడలో దిగిన పొడి చాలు. మరీ పిండిలా విసరవద్దు, సన్నం ముతక కలిసి ఉంటేనే సందులు పూడుతాయి. కర్రపెండలం పిండి 600 గ్రాములు, నీళ్లు మొత్తం నాలుగున్నర లీటర్లు. పిండిని ఒక లీటరు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మిగతా నీళ్లలో పోస్తూ తిప్పాలి. తెల్లగా ఉన్న గంజి అద్దంలా పారదర్శకంగా మారేదాకా ఉడకాలి, లేదంటే జిగురు రాదు. మైదా అయితే 800 నుంచి 900 గ్రాములు పడుతుంది. ఈ లెక్కన ముద్దలో తేమ 30 శాతం దగ్గర ఉంటుంది. గంజి వేడిగా ఉన్నప్పుడే పొడిలో పోసి, ప్రతి రేణువూ తడిసేలా పిసకాలి.

మీరు నీళ్లు చల్లి ఆర్పుతున్నారు కాబట్టి పొడిలో అప్పటికే తేమ ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే పై కొలతలన్నీ తప్పుతాయి. పొడిలో 20 శాతం తేమ ఉంటే 12.5 కిలోలు తూచినా అందులో బొగ్గు 10 కిలోలే, మిగతా రెండున్నర లీటర్లు నీళ్లే. ఇక గంజికి 2 లీటర్లే మిగులుతాయి. 600 గ్రాముల పిండిని అంత తక్కువ నీళ్లలో కాస్తే గట్టి ముద్దవుతుంది, పొడికి సరిగా పట్టదు. పొడిని ఎండబెట్టుకోవడం ఒక దారి. ఇంకా మేలైనది, డ్రమ్ముకు మూత వేసి అంచుల్ని తడి మట్టితో మెత్తి గాలి అందకుండా ఆర్పడం. పూర్తిగా చల్లారాకే తెరవండి.

ముద్దను పిడికిట్లో గట్టిగా పిసికి చూడండి. ఆకారం నిలవాలి, విరిస్తే రెండు ముక్కలుగా విరగాలి, వేళ్ల సందుల్లో నీరు కనిపించకూడదు. అరచెయ్యి తడిగా మెరిస్తే నీరెక్కువ. అప్పుడు ఉత్త పొడి కలిపితే జిగురు పలచబడుతుంది. ముద్దను గోనెపట్టా మీద పరిచి, అప్పుడప్పుడూ తిప్పుతూ నీడలో ఆరనివ్వండి. రేగడి మట్టి మాత్రం కలపవద్దు. తడికి ఉబ్బి, ఎండితే ముడుచుకునే మట్టి అది. బిళ్ల పగులుతుంది, బూడిదా పెరుగుతుంది.

అచ్చు రంధ్రాలు అలాగే ఉండనివ్వండి, గాలి పోవడానికి పనికొస్తాయి. ఒకేసారి నింపకుండా రెండు మూడు అంగుళాల మందానికి ఒక రేకు బిళ్ల అడ్డం పెట్టి నింపాలి. జాకీని మెల్లగా ఎక్కించి, అర నిమిషం అలాగే ఉంచి వదలండి.

నీరు పిండే పద్ధతి కూడా ఒకటుంది, కానీ దానికి గంజి వేయరు. నానబెట్టి నలిపిన పాత కాగితం గుజ్జు, రంపపు పొట్టు, కొంత బొగ్గు పొడి కలిపి పలుచగా చేస్తారు. పీచు ఒకదానికొకటి పెనవేసుకుని బిళ్లను పట్టి ఉంచుతుంది. ఆ పీచే నీటికి దారి కూడా ఇస్తుంది. మీ పైపు అచ్చు అసలు ఈ పనికి తగినది. రంధ్రాలు 3 మిల్లీమీటర్లు, బయటివైపు కాస్త వెడల్పుగా ఉంటే పొడి ఇరుక్కోదు. నడుమ రంధ్రాలున్న ఒక అంగుళం గొట్టం నిలబెడితే, నీరు బయటపడడానికి ప్రయాణించే దూరం 2 అంగుళాల నుంచి ముప్పావు అంగుళానికి తగ్గుతుంది. దూరం సగమైతే సమయం నాలుగో వంతు అవుతుంది కాబట్టి ఈ చిన్న మార్పుతో చాలా కలిసివస్తుంది. ఆ బెజ్జం తర్వాత ఎండడానికీ, పొయ్యిలో గాలి ఆడడానికీ ఉపయోగమే. జాకీ ఒక్కో పంపు కొట్టి, నీటి ధార సన్నబడ్డాకే ఇంకోటి కొట్టాలి.

పత్తి కట్టె పొట్టును నేరుగా పెల్లెట్ మిషన్‌లో (పొట్టును గుళికలుగా ఒత్తే యంత్రం) వేయాలనుకుంటే ఈ లెక్కలేవీ పనికిరావు. అక్కడ నీరు కారే దారే ఉండదు. డై, అంటే గుళికలు ఒత్తే రంధ్రాల అచ్చు, వేడికి తేమ ఆవిరై గుళికను పగలగొడుతుంది. పొట్టును 10 నుంచి 12 శాతం తేమకు ముందే ఎండబెట్టుకోవాలి.

తీసిన బిళ్లల్ని మొదటి రోజు నీడలో, నులక మంచం మీదో జాలీ మీదో పెట్టండి. తీయగానే ఎండలో వేస్తే పైభాగం బిగుసుకుని లోపలి నీరు చీల్చుకుని వస్తుంది. తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో తిప్పుతూ ఉంచాలి. రోజూ అదే బిళ్లను తూచండి. 500 గ్రాముల పచ్చి బిళ్ల 380 గ్రాములకు దిగితే తేమ 8 శాతం దగ్గరికి వచ్చినట్టు. అప్పుడు బస్తాలకు ఎత్తుకోవచ్చు.