నల్లగుట్ట పసుపెక్కితే...

ప్రశ్న: బొగ్గు గని నుంచి తవ్వి తెచ్చి గుట్టగా పోసినప్పుడు బండల్లా ఉన్న నల్లరాయి రెండు వానాకాలాలు తిరిగేసరికి పొడిపొడి అయిపోయింది. అంత గట్టి రాయి ఇంత త్వరగా ఎలా చితికిపోతుంది?

జవాబు: అది గట్టి రాయి కాదు, గట్టిపడ్డ బురద. బొగ్గు పొరలకు పైనా కిందా ఉండే షేల్, మడ్‌స్టోన్ అన్నీ అంతే. తవ్వి బయట పడేయగానే మీద ఉన్న బరువు తొలగి, పొరల వెంట సన్నటి నెర్రెలు విచ్చుకుంటాయి. ఎండకు లోపలి తేమ ఆరిపోతుంది. ఆ మీద వాన పడితే నీరు నెర్రెల్లోకి చొరబడి, అక్కడున్న గాలిని నొక్కి రాయిని లోపలినుంచే చీలుస్తుంది. బంకమన్ను ఖనిజాలు ఉబ్బేవైతే ఇక చెప్పక్కర్లేదు. ఉత్తినే తడిసిపోతూ ఉంటే ఇంత నష్టం ఉండదు. తడవడం, ఎండడం, మళ్లీ తడవడం, దాంతోనే చితుకుతుంది. అందుకే పైపొర మట్టైపోయినా, కాస్త లోతుకు తవ్వితే పదునైన అంచులతో రాళ్లే తగులుతాయి. ఇసుకరాయి ముక్కలు మాత్రం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి.

మీ రాయి ఏ రకమో తెలియాలంటే గుప్పెడంత ముక్కను బాగా ఎండబెట్టి గాజుసీసాలో నీళ్లలో వేయండి. అరగంట తర్వాత ఒకసారి, 24 గంటల తర్వాత మరోసారి చూడండి. బురదైపోయిందా, పెచ్చులుగా విడిపోయిందా, చెక్కుచెదరలేదా? ఎండబెట్టకుండా తడి ముక్కను వేస్తే అది నిక్షేపంగా నిలబడి మిమ్మల్ని మోసం చేస్తుంది. ల్యాబులో అయితే 40–60 గ్రాముల ముక్కలు పది ఎండబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ డ్రమ్ములో వేసి, నీళ్లలో నిమిషానికి 20 చుట్ల చొప్పున పది నిమిషాలు తిప్పుతారు. ఆరబెట్టి మరోసారి తిప్పాక డ్రమ్ములో ఎంత మిగిలితే రాయి అంత గట్టిదని లెక్క.

ప్రశ్న: వేసవిలో గుట్ట వాలు మీద పసుపు, తెలుపు పొడి పేరుకుంటోంది. కింద కాలువ నీరు నారింజ రంగులో పారుతోంది. ఇది గంధకమేనా?

జవాబు: గంధకం కాదు, గంధకం పుట్టించిన లవణాలు. షేల్‌లో ఉండే పైరైట్ అనే ఇనుప సల్ఫైడ్‌కు గాలి, నీరు తగిలితే ఇనుప సల్ఫేట్, గంధకామ్లం తయారవుతాయి. మొదట్లో ఈ పని మెల్లగా సాగుతుంది. పీహెచ్ (ఆమ్లగుణం కొలత; 7 అంటే తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 3.5 కంటే దిగిందంటే ఇనుమును ఆక్సీకరించే బ్యాక్టీరియా అందుకుంటుంది. అప్పట్నించి గాలిలోని ఆక్సిజన్‌కు బదులు ఆ బ్యాక్టీరియా ఆక్సీకరించిన ఇనుమే (ఫెర్రిక్ ఇనుము) పైరైట్‌ను తినేస్తుంది, వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

తెల్లపొడి సాధారణంగా జిప్సం లాంటి సల్ఫేట్. పసుపుది ఇనుప సల్ఫేట్. చెంచాడు పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి చూడండి: కరిగి పీహెచ్ ఢమాల్మని పడిపోతే, అది వేసవంతా దాచిపెట్టిన ఆమ్లం. తొలకరి మొదటి జల్లుకు వచ్చే నీరే అందుకే అన్నిటికంటే ఘాటుగా ఉంటుంది. నీటి నమూనా నడివానాకాలంలో మాత్రమే తీస్తే అసలు చెడు చేతికి చిక్కదు. కాలువలోని నారింజ రంగు, కరిగిన ఇనుము ఆక్సిజన్ తగిలి తుప్పులా దిగిన మడ్డి.

ప్రశ్న: పీహెచ్ 7 అని రిపోర్టు చూసి మొక్కలు నాటాం. మూడో ఏడు మాడిపోయాయి. రిపోర్టు తప్పా?

జవాబు: తప్పు కాదు, అడిగిన ప్రశ్నే తప్పు. పీహెచ్ ఇవాళ్టి సంగతి చెబుతుంది. రేపు పుట్టబోయే ఆమ్లం గురించి దానికి తెలియదు. రాయిలో ఉన్న కొద్దిపాటి కాల్సైట్ అనే సున్నపు ఖనిజం ఒకటి రెండేళ్లు ఆమ్లాన్ని మింగి, అయిపోయాక చేతులెత్తేస్తుంది.

అడగాల్సింది రెండు. ఒకటి, పైరైట్ రూపంలోని గంధకం ఎంత? దాని ప్రతి 1 శాతానికి టన్ను రాయికి 31.25 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ (సున్నపురాయిలోని అసలు పదార్థం) కావాలి. గంధకం 0.5 శాతం అనుకుందాం. హెక్టారులో 15 సెంటీమీటర్ల లోతు వరకు సుమారు 2,000 టన్నుల రాయి ఉంటుంది. అంటే ఆ పైపొర ఒక్కదానికే 31 టన్నుల సున్నపురాయి పొడి. రెండు, పెరాక్సైడ్ పరీక్ష: 2.5 గ్రాముల మెత్తటి పొడిని 250 మిల్లీలీటర్ల 15 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేసి, పొంగు తగ్గాక వేడిచేసి చల్లార్చి పీహెచ్ కొలవాలి. 4.5 లోపు వస్తే అనుమానించాలి. ఇది పొంగి చిమ్మే పని, ల్యాబులోనే చేయించండి. బొగ్గు తునకలు ఎక్కువున్న నమూనాలో సేంద్రియ ఆమ్లాలు పుట్టి పీహెచ్‌ను ఉత్తుత్తిగా దించుతాయి, కాబట్టి రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

సిడరైట్ ఉంటే ఇంకో చిక్కు. అది ఇనుప కార్బొనేట్. మామూలు పరీక్షలో సున్నంలా లెక్కకెక్కుతుంది గానీ, దానిలోంచి వచ్చిన ఇనుము ఆక్సీకరణం చెంది తెచ్చిన మేలంతా తిరిగి తీసుకుపోతుంది. ఇక సున్నపురాయి కంకరగా వేస్తే దాని మీద ఇనుప పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. పొడి కావాలి, పైన చల్లితే చాలదు, కలియదున్నాలి.

ప్రశ్న: గుట్టలో ఒకచోట రాయి ఇటుకలా ఎర్రగా మారింది. ఇదీ వానకు, ఎండకేనా?

జవాబు: కాదు, అది కాలిన షేల్. వదులుగా పోసిన వాలులో గాలి ఆడి, బొగ్గు ముక్కలూ పైరైటూ వేడెక్కి లోలోపల రాజుకుంటాయి. ఎర్రబడ్డ చోట ఇప్పుడు చల్లగానే ఉండొచ్చు. పక్కనే పొగ, గంధకపు వాసన, తడి ఆవిరి కనిపిస్తే మాత్రం దగ్గరకు పోకండి: లోపల కాలి డొల్ల అయిన నేల కూలుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నీళ్లు కుమ్మరించడం, తవ్వి చూడడం రెండూ వద్దు. తవ్వితే గాలి అందుతుంది. నీరు పోస్తే ఆవిరి ఎగదన్నుతుంది.