ఇంటి పన్ను మాఫీ: లాభం ఎవరికి?

ప్రశ్న: మా అబ్బాయి న్యూయార్క్‌లో, క్వీన్స్ వైపు లాంగ్ ఐలాండ్ సిటీలో ఒక కాండో ఫ్లాట్ చూశాడండీ. బిల్డింగు కట్టి తొమ్మిదేళ్లయిందట. పదిహేనేళ్ల మినహాయింపు ఉంది, ఇంటి పన్ను నామమాత్రమే అంటున్నారు అమ్మేవాళ్లు. నమ్మొచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అబద్ధం కాదమ్మా, కాకపోతే పదిహేనులో తొమ్మిది ఇప్పటికే గడిచిపోయాయి, కిటుకంతా అక్కడే ఉంది. ఈ మినహాయింపును అక్కడ 421-ఎ అంటారు. కొత్త బిల్డింగు లేవడంతో పెరిగిన విలువ మీద పన్ను వేయరు, అంతకుముందున్న విలువ మీద మాత్రం వేస్తారు. పదిహేనేళ్ల రకంలో పూర్తి మాఫీ మొదటి 11 ఏళ్లకే. ఆ తర్వాత ఏటా 20 శాతం చొప్పున కరిగిపోతుంది. మాటవరసకు అసలు పన్ను నెలకు 1,000 డాలర్లు అనుకోండి, మీవాడు ఇంకో రెండేళ్లు హాయిగా ఉంటాడు, ఆపైన 200, 400, 600, 800, చివరికి మొత్తం వెయ్యీ కట్టాలి (ఈలోపు రేటు పెరిగితే అదీ కలుస్తుంది). బ్యాంకు లోను ఈఎంఐ లెక్క ఆ వెయ్యితో వేసుకోమనండి, ఇవాళ్టి బిల్లుతో కాదు. ఏ ఫ్లాట్ బిల్లయినా సిటీ ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, మాఫీ ఎంతో కూడా అందులోనే ఉంటుంది. ఇంకో మాట, పన్ను తక్కువని చూపించి అమ్మేవాడు ఆ మేరకు రేటు ముందే పెంచి ఉంటాడు, బేరం ఆడాల్సింది అక్కడే.

ప్రశ్న: ఇక్కడ మేం ఇంటి పన్ను కాస్త ఆలస్యం చేస్తే వడ్డీ బాదుతారు. అక్కడ కోట్లు గడించే బిల్డర్లకి మాఫీ ఏమిటండీ?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ కడుపుమంటలో న్యాయం ఉంది. 1971లో ఇది మొదలైనప్పుడు మాత్రం పరిస్థితి వేరు, జనం న్యూయార్క్ వదిలి శివార్లకు పోతున్నారు, కొత్త ఇళ్లు కట్టే నాథుడు లేడు, అందుకని పన్ను వదులుకుని అయినా కట్టించుకోవాలనుకున్నారు. తర్వాత ఊరు కోలుకుంది, మాఫీ మాత్రం అలాగే ఉండిపోయింది. ట్రంప్ టవర్‌కి ఇవ్వం పొమ్మని సిటీ అంటే కోర్టుకెళ్లి మరీ సాధించుకున్నారు. మాన్‌హాటన్‌లో వన్57 అనే ఆకాశహర్మ్యం ఉంది, పైనున్న ఫ్లాటు 10 కోట్ల డాలర్లు దాటి అమ్ముడైంది, దానికీ ఈ మాఫీయే! బదులుగా బ్రాంక్స్‌లో వచ్చిన చౌక ఇళ్లు 66, వదులుకున్న ఆ పన్ను డబ్బు సిటీ నేరుగా ఇళ్లకే పెట్టి ఉంటే దాదాపు 370 వచ్చేవని సిటీ సొంత బడ్జెట్ ఆఫీసే 2015లో లెక్క తేల్చింది. 2022 నాటికి ఈ పథకం కింద వదులుకుంటున్న పన్ను ఏడాదికి 177 కోట్ల డాలర్లు.

అయితే తీసేస్తే సరిపోతుందా అంటే, అదీ చూశారు. 2022 జూన్ 15తో గడువు అయిపోతుందంటే, ఆలోపు పునాది పడితే చాలన్నట్టు బిల్డర్లు ఎగబడ్డారు, గడువు దాటాక కొత్త అద్దె బిల్డింగుల దరఖాస్తులు పడిపోయాయి. కారణం పన్నులోనే ఉంది. ఒకటి నుంచి మూడు కుటుంబాలుండే ఇంటికి మార్కెట్ విలువలో 6 శాతం మీద పన్ను లెక్కగడితే, పెద్ద అద్దె బిల్డింగుకి 45 శాతం మీద కడతారు. అంత పన్ను నెత్తిన పెట్టి, మళ్లీ ఎంచుకున్నవాళ్లకి మాఫీ అనడం కంటే అద్దె ఇళ్లన్నిటికీ పన్నే తగ్గించాలి అంటాను నేను. కానీ ఆ భారం సొంతిల్లున్నవాళ్ల మీద పడితే ఓట్లు పోతాయని భయం కదా, ఆ తేనెతుట్టె ఎవరు కదుపుతారు?

2024లో 421-ఎ స్థానంలో 485-ఎక్స్ అని కొత్త మాఫీ పథకం తెచ్చారు. 100 ఫ్లాట్లు, ఆపైన కడితే పనివాళ్లకి గంటకి కనీసం 40 డాలర్లు ఇవ్వాలన్నారు. అంతే, 99 ఫ్లాట్ల ప్లాన్లు వరుసకట్టాయి!

ప్రశ్న: మేం కొనేవాళ్లం కాదు, బ్రూక్లిన్‌లో అద్దెకుంటున్నాం. మాకేమైనా దక్కుతుందా?
– ఒక ఐటీ ఉద్యోగి, న్యూయార్క్

జవాబు: మీ బిల్డింగుకి ఏ మాఫీ ఉందో, ఎప్పుడు ముగుస్తుందో ముందు లీజులో చూడండి. మాఫీ ఉన్న బిల్డింగుల్లో చాలా ఫ్లాట్లకి అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచడానికి వీల్లేదు, ఆ సంగతి ఓనరు తనంతట తాను గుర్తు చేయడు. చౌక ఫ్లాట్ల కోసం సిటీ నడిపే హౌసింగ్ కనెక్ట్ లాటరీలో పేరు పెట్టుకోండి. ఐటీ జీతం ఉంది, మాకెక్కడ వస్తుంది అనుకోకండి, 421-ఎకి 2017లో వచ్చిన కొత్త రూపంలో ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 130 శాతం వరకూ సంపాదించేవాళ్లకి కూడా 'చౌక' ఇళ్లు ఇచ్చారు. నిజంగా పేదవాళ్లు ఉండే పేటల్లో ఆ అద్దె చుట్టుపక్కల అద్దెలకు తక్కువేం కాదని గొడవలు కూడా అయ్యాయి.