అకాడమీల్లో సబ్జెక్టుల్ని ఏ లెక్కన విడగొడతారు? నామినేషన్ ఫారం నింపిన అనుభవం

మీరు అడిగింది రెండు ముక్కలు: సైన్స్ అకాడమీల్లో సెక్షన్లని ఏ లెక్కన పెడతారు, రెండు సబ్జెక్టుల మధ్యలో పనిచేసేవాళ్ళని ఎందులో వేస్తారు అని. నేను అకాడమీ మెంబర్ని కాదు, ఆ దరిదాపుల్లో కూడా లేను, ముందే చెప్పేస్తున్నా. కాకపోతే పీహెచ్‌డీ చేసేటప్పుడు మా గైడ్ గారిని అకాడమీ మెంబర్‌గా ఎన్నుకోమని పంపే నామినేషన్ ఫైలు తయారుచేసే పని నా నెత్తిన పడింది, ఈ సెక్షన్ల గొడవ నాకు తెలిసింది అక్కడే.

ఒక పెద్దాయన సార్‌ని నామినేట్ చేస్తానన్నారు, అంటే సంతకం ఆయనది, కాగితాలు మావి. మా సార్ పని ప్రోటీన్ల స్ట్రక్చర్. ప్రోటీన్‌ని క్రిస్టల్ చేసి దాని మీద ఎక్స్‌రే కొట్టి లోపల ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కకట్టడం. ఆయన డిగ్రీలన్నీ కెమిస్ట్రీ, ల్యాబ్‌లో మెషీన్ ఫిజిక్స్ వాళ్ళది, పేపర్లేమో సగం బయాలజీ జర్నల్స్‌లో. ఫారంలో సెక్షన్ల పేర్లతో ఒక వరస డబ్బాలు, పక్కన 'ఒక్కటే టిక్ చేయండి' అని. ప్రింట్ తీసి పెన్సిల్‌తో ఒకదాంట్లో పెట్టి, చెరిపి, ఇంకోదాంట్లో పెట్టి, మళ్ళీ చెరిపి, కాగితం చిరిగేదాకా వచ్చాక సార్ దగ్గరికెళ్తే "కెమిస్ట్రీ పెట్టవయ్యా, చదివింది అదే కదా" అనేశారు. పెట్టాం. రాలేదు. తర్వాత ఆ పెద్దాయన ఫోన్లో చెప్పిందేంటంటే, కెమిస్ట్రీ కమిటీ వాళ్ళు మంచి పనే గానీ ఇది బయాలజీ కదా, వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నారంట, బయాలజీ వాళ్ళ దగ్గరికి అసలు ఫైలే పోలేదు!

మరుసటి ఏడు డబ్బా మార్చాం. అవే పది పేపర్లు, కానీ వరస మారింది, మెథడ్ మీద రాసిన పేపర్ మొదటి నంబర్ నుంచి ఏడో నంబర్‌కి దిగింది. పని గురించి రాసే చిన్న పేరాలో మొదటేడు 'కొత్త పద్ధతి కనిపెట్టారు' అని మొదలెట్టాం, ఈసారి 'ఈ ఎంజైమ్ ఎలా పనిచేస్తుందో చూపించారు' అని మొదలెట్టాం. మనిషి అదే, పని అదే. ఆ ఏడు కూడా కాలేదు గానీ ఫైలు తర్వాతి ఏడుకి కూడా చెల్లింది, అప్పుడు వచ్చింది.

సెక్షన్లంటే విజ్ఞానానికి గీసిన మ్యాప్ అనుకునేవాణ్ణి, కాదు. ఎవరి ఫైలు ఎవరు చదవాలి, ఏ గుంపుకి ఎన్ని సీట్లు అనే పంపకం అది. మొదట్నుంచీ అంతే. పారిస్ అకాడమీ 1666లో మొదలైంది, 1699లో రాజు రూల్స్ రాసిచ్చినప్పుడు జీతం తీసుకునే 20 మందిని ఎలా పంచారంటే జామెట్రీకి ముగ్గురు, ఆస్ట్రానమీకి ముగ్గురు, మెకానిక్స్‌కి, అనాటమీకి, కెమిస్ట్రీకి, బాటనీకి ముగ్గురేసి, మిగతా ఇద్దరు సెక్రటరీ, ట్రెజరర్. ఇందులో ఫిజిక్స్ ఎక్కడుందో వెతకండి, లేదు! న్యూటన్ బతికున్న రోజులవి. 1785లో మళ్ళీ సర్ది ఎనిమిది క్లాసులు చేసినప్పుడుగానీ ఫిజిక్స్‌కి సొంత కుర్చీ పడలేదు. అంటే అప్పటిదాకా ఫిజిక్స్ చేసేవాళ్ళు లేరని కాదు, వాళ్ళు వేరే పేర్ల కింద కూర్చున్నారు, మా సార్ కెమిస్ట్రీ కింద కూర్చోబోయినట్టే.

ఇక పాలించేవాడికి నచ్చకపోతే సబ్జెక్టే ఎగిరిపోతుంది. విప్లవం తర్వాత 1795లో ఫ్రాన్స్‌లో అకాడమీలన్నిటి స్థానంలో ఒక్క ఇన్‌స్టిట్యూట్ పెట్టి మూడు క్లాసులు చేశారు, సైన్సులు ఒకటి, నీతి-రాజకీయ శాస్త్రాలు ఒకటి, సాహిత్యం-కళలు ఒకటి. 1803లో నెపోలియన్ ఆ మధ్యదాన్ని తీసిపారేశాడు, మిగిలినవాటిని నాలుగుగా సర్దాడు. రాజకీయాల మీద ఆలోచించేవాళ్ళకి విడిగా ఒక గది ఎందుకనుకున్నాడేమో, అది నా ఊహ. 1832లో గానీ అది తిరిగి రాలేదు.

ఇంగ్లండ్ వాళ్ళది ఇంకా మోటు లెక్క. అక్కడి సైన్స్ అకాడమీ పేరు రాయల్ సొసైటీ, వాళ్ళ పత్రిక 1665 నుంచి వస్తోంది, 1887లో దాన్ని ఏ, బీ అని రెండు చేశారు, ఏ అంటే ఫిజికల్, బీ అంటే బయలాజికల్. మన దగ్గర కూడా అదే బాణీ, రామన్ బెంగుళూరులో పెట్టిన అకాడమీ పత్రిక ప్రొసీడింగ్స్ 1934లో మొదలైతే మరుసటి ఏడాదికే ఏ, బీ అయిపోయింది. హిస్టరీ, ఫిలాసఫీ వాళ్ళకి రాయల్ సొసైటీలో చోటు లేదు కాబట్టి 1902లో బ్రిటిష్ అకాడమీ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. స్వీడన్‌లో అలా కాదు, అక్కడి సైన్స్ అకాడమీకి పది క్లాసులుంటే అందులోనే సోషల్ సైన్సెస్‌కీ ఒకటుంది.

అన్నిట్లోకీ నాకు కాస్త ఇంగితం ఉన్నట్టు అనిపించింది అమెరికా నేషనల్ అకాడమీ పద్ధతి. ఆరు క్లాసులు, వాటి కింద 31 సెక్షన్లు, ప్రతి సెక్షన్‌కి రెండంకెల నంబర్, మొదటి అంకె క్లాసుది. లెక్కలు 11, ఫిజిక్స్ 13, ఎకనామిక్స్ 54. మెంబర్ తనకి ప్రధాన సెక్షన్ ఒకటి ఎంచుకుని, కావాలంటే రెండోది కూడా పెట్టుకోవచ్చు. బయోఫిజిక్స్‌ని, కంప్యుటేషనల్ బయాలజీని కలిపి ఒక సెక్షనే ఉంది, మా ఫారంలో అలాంటి రెండో డబ్బా ఉండుంటే రెండేళ్ళు కలిసొచ్చేవి.

మధ్యలో వాళ్ళ సంగతంటారా, వాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో చుట్టాలే. రూథర్‌ఫర్డ్ ఫిజిక్స్ మనిషి, 1908లో నోబెల్ ఇచ్చింది కెమిస్ట్రీలో. వెంకీ రామకృష్ణన్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత బయాలజీలోకి వెళ్ళి కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద పనిచేస్తే 2009లో ఆయనకీ కెమిస్ట్రీ నోబెలే. కెమిస్ట్రీ వాళ్ళ గుమ్మం కాస్త వెడల్పు అని మా ల్యాబ్‌లో జోక్, మా విషయంలో మాత్రం తలుపేసేశారు లెండి.

మీరుగానీ ఎవరికైనా ఫైలు తయారుచేస్తుంటే సెక్షన్ పేరు చూసి టిక్ పెట్టకండి. ఆ సెక్షన్లో గత ఐదేళ్ళలో ఎన్నికైనవాళ్ళ పేర్లు అకాడమీ సైట్‌లో ఉంటాయి, వాళ్ళ పేపర్లు ఏ జర్నల్స్‌లో వచ్చాయో ఒక కాగితం మీద రాసుకుని మీ మనిషివి పక్కన పెట్టి చూడండి, ఎక్కడ ఎక్కువ కలిస్తే ఆ డబ్బా. రెండు చోట్లా సమానంగా వస్తే మీ మనిషి పేపర్లని ఏ సెక్షన్ వాళ్ళు తమ పేపర్లలో ఎక్కువ ప్రస్తావించారో చూడండి, ఎందుకంటే కమిటీలో కూర్చునేది వాళ్ళే. ఇంకోటి, నామినేట్ చేసే పెద్దాయన ఏ సెక్షన్లో ఉన్నారో ముందే కనుక్కోండి, మేం అది కూడా అడగలేదు, ఆయన ఉన్నది బయాలజీ సైడే.