బాప్టిస్టు ఇంటి అమ్మాయికి లూథరన్ సంబంధం: శాఖల తేడా ఎంతవరకు చూడాలి?

మీది పలాస వైపు బాప్టిస్టు కుటుంబం, ఉద్యోగం కోసం రాయగడ వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు అమ్మాయికి జయపురం నుంచి లూథరన్ సంబంధం వచ్చింది. ప్రభువు ఒక్కడే కదా, ఈ శాఖల తేడాలు నిజంగా పట్టించుకోవాలా అని అడిగారు.

విశ్వాసం సంగతి అయితే మీకూ లూథరన్లకూ మధ్య మీరు భయపడుతున్నంత దూరం లేదు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకం), సిలువ, పునరుత్థానం, కృప వల్ల రక్షణ, అరవై ఆరు పుస్తకాల బైబిలు అన్నీ ఇద్దరికీ ఒకటే. తేడా తగిలేది బాప్తిస్మం దగ్గర, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం) దగ్గర, పెళ్ళి రిజిస్టరు దగ్గర, సమాధుల తోట దగ్గర. ఇవి సంబంధం ఖాయం కాకముందే మాట్లాడుకోవాల్సినవి. శుభలేఖలు పంచాక బయటపడితే రెండు కుటుంబాలూ నలిగిపోతాయి.

అసలు మీరు బాప్టిస్టులు, వాళ్ళు లూథరన్లు ఎలా అయ్యారు? మీ తాతముత్తాతలు రెండు సిద్ధాంతాలూ చదివి ఒకటి ఎంచుకోలేదు. మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు కోరాపుట్, జయపురం కొండల్లో పని మొదలుపెట్టారు. శ్రీకాకుళం, బొబ్బిలి, పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు. చాలావరకు ఘాట్‌ రోడ్డుకు ఎగువన పుట్టినవాళ్ళు లూథరన్, దిగువన పుట్టినవాళ్ళు బాప్టిస్టు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు తెలుగు లూథరన్లూ పాడతారు, తెలుగు బాప్టిస్టులూ పాడతారు. అందుకే శాఖ పేరు వినగానే సంబంధం వద్దనుకోవడం తొందరపాటని నా అభిప్రాయం.

ఇక బాప్తిస్మం. నిజమైన ముడి ఇక్కడే ఉంది. లూథరన్లు పసిపిల్లలకు నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. ఆ తర్వాత పిల్లలు ఎదిగాక, ఈ శాఖకు మూలపురుషుడైన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి నేర్పి, అంటే పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు బల్ల నేర్పి, కన్ఫర్మేషన్ (తమ విశ్వాసాన్ని సంఘం ముందు తామే ఒప్పుకునే ఆరాధన) ఇస్తారు. బాప్టిస్టులు నమ్మి, నోటితో ఒప్పుకున్నవాళ్ళకే ముంచి ఇస్తారు. దీనివల్ల చిక్కు ఒకవైపే వస్తుంది. మీ అమ్మాయి తీసుకున్న ముంపు బాప్తిస్మాన్ని లూథరన్లు పూర్తిగా అంగీకరిస్తారు, ఆమెకు మళ్ళీ ఇవ్వాలని అడగరు. కాబోయే అల్లుడు మీ సంఘంలో సభ్యుడు కావాలంటే మాత్రం మీ పెద్దలు అతన్ని మునిగి బాప్తిస్మం తీసుకోమనే అవకాశం ఎక్కువ. పసితనంలో జరిగింది బాప్తిస్మమే కాదని మీవాళ్ళ లెక్క. ఇచ్చిన బాప్తిస్మాన్ని కొట్టేసి రెండోది ఇవ్వడం దేవుని మాటను అవమానించడమని లూథరన్ల లెక్క. ఎవరూ పంతానికి పోవడం లేదు, ఇద్దరిదీ మనస్సాక్షే. అమ్మాయి అత్తవారి సంఘంలో చేరితే ఈ గొడవ ఇప్పుడు రాదు, మొదటి బిడ్డ పుట్టాక వస్తుంది. బిడ్డకు నెలల్లోనే బాప్తిస్మం ఇప్పిస్తారా, ప్రతిష్ఠ ప్రార్థన (బిడ్డను దేవునికి అప్పగించే ప్రార్థన) మాత్రం చేయించి ఎదిగేదాకా ఆగుతారా అన్నది అమ్మాయీ అబ్బాయీ ఇప్పుడే తేల్చుకోవాలి. దాన్ని అత్తమామలకో పాస్టరుగారికో వదిలేయకూడదు.

ఈ తేడాతో కలిసి బతకవచ్చని చూపిన సంఘం కూడా ఉంది. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, బాప్టిస్టు తదితర ఆరు సంఘాలు కలిసి ఉత్తర ఇండియా సంఘం (సీఎన్‌ఐ) ఏర్పడినప్పుడు శిశు బాప్తిస్మం, విశ్వాసుల బాప్తిస్మం రెండింటినీ ఒకే సంఘంలో ఉంచారు. తేలిగ్గా జరగలేదు, ఎంతో కాలం చర్చించారు. లూథరన్లు అందులో చేరలేదు.

ప్రభు బల్ల దగ్గర అమ్మాయికి మొదటి ఆదివారమే తేడా కనిపిస్తుంది. మీ దగ్గర రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఉన్న పళ్ళెం బెంచీల వెంట వస్తుంది, కూర్చునే తీసుకుంటారు. లూథరన్ చర్చిలో వరసగా ముందుకు వెళ్ళి, బలిపీఠం కమ్మీ దగ్గర మోకాళ్ళూని, పాస్టరుగారి చేతి నుంచి పల్చటి అప్పం తీసుకుంటారు. ముందు అందరూ కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతారు. ఇది పద్ధతుల తేడా మాత్రమే కాదు. రొట్టెతో, ద్రాక్షరసంతో పాటు క్రీస్తు శరీర రక్తాలు నిజంగా అందుతాయని లూథరన్ల విశ్వాసం, అది జ్ఞాపకార్థమని మీది. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో లూథర్, జ్ఞాపకార్థమనే స్విస్ సంస్కర్త జ్వింగ్లీ కూర్చుని పదిహేను అంశాల్లో పద్నాలుగు ఒప్పుకున్నారు. ఒప్పుకోలేనిది ఈ బల్ల గురించే. అమ్మాయి ముందుగా పాస్టరుగారిని కలిసి తాను ఫలానా సంఘంలో బాప్తిస్మం పొందిన సభ్యురాలినని చెబితే, మోకాళ్ళూనే వేళ తడబాటు ఉండదు.

పెళ్ళి విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు పాస్టర్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. పలాస నుంచి మీ పాస్టరుగారిని రాయగడ పిలిపించి పెళ్ళి చేయిస్తే, ఆయనకున్న ఆంధ్రా లైసెన్సు ఒడిశాలో పనికిరాదు. ఆయన చేత వాక్యం చెప్పించండి, దీవెన ఇప్పించండి. ప్రమాణాలు చేయించి రిజిస్టరులో సంతకం పెట్టాల్సింది ఒడిశా లైసెన్సు ఉన్నాయన. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. చట్టం ప్రకారం ఉదయం ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యే పెళ్ళి జరగాలి. పెళ్ళివారి బస్సు ఘాట్‌లో ఆలస్యమైతే ఇబ్బంది కాబట్టి సాయంత్రం పెళ్ళి పెట్టుకోకండి. బాప్తిస్మ సర్టిఫికెట్‌లో ‘మేరీ’ అనీ ఆధార్‌లో ఇంకో పేరనీ ఉంటే ముందే సరిచేయించుకోండి, పాస్‌పోర్టుకు వెళ్ళినప్పుడు అదే అడ్డుపడుతుంది.

సంబంధం ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళదైతే మరో దారి. బాప్తిస్మం పొందిన ప్రొటెస్టెంటును కతోలికులు పెళ్ళాడాలంటే బిషపు గారి అనుమతి కావాలి. పిల్లలకు కతోలిక సంఘంలో జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తానని కతోలిక పక్షం మాట ఇవ్వాలి. కృప వల్ల నీతిమంతులవడం గురించి లూథరన్లూ కతోలికులూ 1999లో ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. అయినా బల్ల ఇంకా వేరే.

నిజంగా ఆగి ఆలోచించాల్సింది త్రిత్వాన్ని కాదనే బోధ ఉన్నచోట. యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, యెహోవా సాక్షులు ఆ కోవలోకి వస్తారు. మీకూ లూథరన్లకూ ఉన్న తేడా దాని ముందు చిన్నది. పేరు లేని స్వతంత్ర మందిరమైతే లెక్కలు సంఘం ముందు చదువుతారా, పాస్టరుగారికి పెళ్ళి లైసెన్సు ఉందా, సమాధుల తోట ఉందా అని మూడూ అడగండి. తోట లేని సంఘంలో ఎవరైనా చనిపోతే ఆ రాత్రే ఇంకో సంఘం పెద్దల ఇంటి ముందు నిలబడాల్సి వస్తుంది. అది ఏ కుటుంబానికీ రాకూడదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో ‘వాళ్ళ చర్చి, మన చర్చి’ అని విడిపోయినవి చాలాచోట్ల బాప్తిస్మం కోసం విడిపోలేదు. కులం కోసం, ఆస్తి కోసం విడిపోయాయి. శాఖ వేరని చెప్పి లోపల కులం చూస్తున్నారేమో రెండు వైపులా నిజాయితీగా అడగండి. అదే అయితే అది సిద్ధాంతం కాదు, పాపం.

అన్నీ కుదిరితే మీ సంఘం నుంచి అమ్మాయికి సభ్యత్వ బదిలీ ఉత్తరం తీసుకోండి. బాప్తిస్మం తేదీ, ఎవరిచ్చారు, ఎప్పటిదాకా చందా కట్టారు, క్రమశిక్షణ చర్య ఏమీ లేదు అన్నవి అందులో ఉండాలి. ఒడియా ఆరాధన ఉన్న సంఘమైతే ఇంగ్లీషులో రాయించండి, తెలుగు ఉత్తరం చదివేవాళ్ళు అక్కడ ఉండకపోవచ్చు.