దాచిన బొగ్గుపులుసు వాయువు పైకొస్తే?

ప్రశ్న: కార్బన్ డయాక్సైడును భూమిలోకి పంపి దాస్తారట. మా బోరుబావులకు ప్రమాదమా? లీకైతే ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: మీ బోర్లకు ఆ భయం లేదండీ. బెంగళూరు కింద ఉన్నది నైస్ (gneiss) అనే గట్టి రాయి. పగుళ్లలో కాసిని నీళ్లు తప్ప, వాయువును పట్టే రంధ్రాలు అందులో లేవు. నిల్వకు కావలసింది 800 మీటర్లకు మించిన లోతున ఇసుకరాయి, దానిమీద మూతలా షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి) పొర. అక్కడ పీడనం 74 బార్లు (నేలమీది గాలి పీడనానికి దాదాపు 74 రెట్లు), వేడి 31 డిగ్రీలు దాటుతాయి గనక వాయువు ద్రవంలా చిక్కబడుతుంది. అయినా ఆ ఇసుకరాయి రంధ్రాల్లో ఉండే ఉప్పునీటికన్నా తేలికే, పైకి తోసుకొస్తూనే ఉంటుంది.

అసలు బెడద ఆ పొరల్లోకి ఎప్పుడో తవ్విన పాత చమురుబావులు. సిమెంటుకూ ఇనుపగొట్టానికీ మధ్య సన్నని సందున్నా అదే దారి. ముందే వాటిని వెతికి, సిమెంటుతో మళ్లీ మూయాలి. ఇక పంపే పీడనం: అమెరికా నిబంధనల్లో రాయి పగిలే పీడనంలో 90 శాతం దాటకూడదు. అల్జీరియాలోని ఇన్ సలా గ్యాస్ క్షేత్రంలో మూతరాయిపై అనుమానం వచ్చి 2011లో పంపడం ఆపేశారు.

నార్వే దగ్గరి ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ గ్యాస్ క్షేత్రంలో 1996లో వాయువును పంపడం మొదలుపెట్టారు. అది ఎటు పాకుతోందో కృత్రిమంగా పుట్టించిన కంపన తరంగాల సర్వేలతో చూస్తూ వచ్చారు. నేలమీద మట్టిలోని వాయువును, బావినీటి ఆమ్లతను కొలుస్తారు. ఈ కొలతలు వాయువును పంపడం మొదలవక ముందే తీసి ఉంచాలి, లేదంటే తర్వాత వచ్చిన అంకెను దేనితో పోలుస్తారు? లీకైన వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. గుంతల్లో, సెల్లార్లలో పేరుకుంటుంది, అలారం పెట్టవలసింది అక్కడే.